అంచు స్వామికి బాలాలయం

అడవి ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కనిపించినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు. "సార్, చిరుతను ఎదురుగా చూశారా? ఎర్రచందనం దొంగలతో తలపడ్డారా?" చిరుతను చూశాను. అది నన్ను చూసి, నా హోదా ఏమిటో కనుక్కున్నట్టు ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. దొంగలు కూడా దాదాపు అంతే మర్యాద చూపించారు. సర్వీసు మొత్తంలో నన్ను ముప్పుతిప్పలు పెట్టి, మూడు చెరువుల నీళ్లు తాగించింది మాత్రం ఒక డబ్బా పసుపు రంగు. మీరు రేపోమాపో ఇలాంటి డబ్బా ఒకటి తెరుస్తారు కాబట్టి ఈ సంగతి చెప్పి ఉంచుతున్నాను.

తిరుపతి వెనక కొండల్లోని జాతీయ ఉద్యానవనంలో నా చివరి పోస్టింగు. అక్కడ సెక్షన్ ఆఫీసర్ని. గేటు దగ్గర మొదలై, వాగు దాటి, ఎర్రటి గుట్టల అంచుదాకా పోయే కాలిబాట ఒకటి ఉంది. ఆ గుట్టలు చూడాల్సినవే. పైన గట్టి ఎర్రబండ, కింద మెత్తటి మట్టిరాయి. ఏటేటా వానకు కింది మట్టిరాయి కొట్టుకుపోయి, పైబండ ఇంటి చూరులాగా లోయమీదికి పొడుచుకొచ్చి నిలబడింది. దానిమీద నిలుచుంటే ఏర్పేడు వైపు మైదానమంతా కనిపిస్తుంది. కింద ఏ ఆధారం లేదన్న సంగతి మాత్రం కనిపించదు.

మా పెద్ద సారు విదేశాల్లో శిక్షణకు వెళ్లొచ్చేదాకా అది ఉత్త దారి. ఆయన వచ్చాక ట్రెయిల్ అయింది. "ట్రెయిలంటే దారే కదా సార్" అన్నాను. "దారి వేరు, ట్రెయిల్ వేరు. దారిలో మనిషి ఎక్కడికో పోతాడు. ట్రెయిల్లో ఎక్కడికీ పోడు, ఊరికే నడుస్తాడు" అన్నారు. మనవాళ్లు పనిలేకుండా కొండెక్కుతారా అని నాకు అనుమానం వచ్చింది. అయినా పైఅధికారి ముందు అనుమానాలు పడకూడదని నాకు అప్పటికే అలవాటైపోయింది.

బాట పొడుగునా రాళ్లమీద గుర్తులు వేయించారు. అంచు దగ్గర నిలువెత్తు రాయి ఒకటి ఉంది. దాని అవతలికి పోతే చూరుబండే. ఆ రాయిమీద పెద్ద పసుపు వలయం నింపి, నడిమధ్యన ఎర్రటి చుక్క పెట్టమన్నారు. ఆయన చూసొచ్చిన దేశంలో ఆ గుర్తుకు అర్థం, "ఇక ఆగు, ముందు ప్రమాదం". రంగు పూర్తయ్యాక అందరం వెనక్కి జరిగి చూశాం. "అదిరింది సార్" అన్నాం. మా వాచర్ మాత్రం చెప్పులు విడిచి నిలబడ్డాడు. కాలు కాయ కాచిందేమో అనుకున్నాం.

ఈ వాచర్ ఏర్పేడు పక్క పల్లెవాడు. నాతోపాటే ఆ కొండల్లో ముసలివాడైన మనిషి. ఆదివారం చర్చికి వెళ్లి, అటునుంచే డ్యూటీకి వచ్చేవాడు. చెప్పులెందుకు విడిచావని తర్వాతెప్పుడో అడిగితే, "ఏమో సార్, మేము చర్చికి పోయేవాళ్లమే. అయినా పసుపు మింద ఎర్ర చుక్క కనపడితే కాలు ఊరుకోదు" అన్నాడు. ఆ మాట రంగు వేసిన రోజే అని ఉంటే ఎంత బాగుండేది! అతణ్ని అనడమెందుకు? ఆ రోజు అక్కడ నిలబడ్డవాళ్లలో ప్రతివాడి ఇంటి గడపకూ అదే పసుపు, అవే ఎర్ర చుక్కలు. ఒక్కడికీ తట్టలేదు. ఆఫీసు పనికి బయలుదేరేటప్పుడు గడప దాటి వస్తాం కదా, బుర్ర గడప లోపలే ఉండిపోతుంది కాబోలు.

ఆ వారంలోనే రాయి ముందు గన్నేరుపూలు కనిపించాయి. ఆ తర్వాత కర్పూరం మసి, టెంకాయ చిప్పలు. నెల తిరిగేసరికి స్వామికి పేరు కూడా వచ్చేసింది, అంచు స్వామి. మేము ఎంతో ముచ్చటపడి వేసిన ఆకుపచ్చ బాణాలకు ఆడవాళ్లు మెట్లపూజ చేసినట్టు వరుసగా పసుపు కుంకుమ పెడుతూ ఎక్కసాగారు. "ప్రమాదం, ముందుకు వెళ్లరాదు" అని బోర్డు పెట్టించాను. దానికీ బొట్టు పెట్టి దారం కట్టారు.

కాణిపాకం నుంచి టెంకాయల వ్యాపారి ఒకాయన దిగాడు. అక్కడ పోటీ ఎక్కువైందట. సంచి నిండా టెంకాయలతో గేటు బయట కూర్చునేవాడు. నేను కన్ను తిప్పితే సంచితో సహా కొండమీద ఉండేవాడు. గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు.

"సామి స్వయంభువప్పా! ఈ కొండలు పుట్టినప్పటినించి ఈడనే ఉండాడు" అని ఒకరోజు భక్తులకు స్థలపురాణం చెబుతుంటే పట్టుకున్నాను.

"ఏమయ్యా, ఆ స్వామి వెలిసింది పోయిన నెల, మధ్యాహ్నం భోజనాలయ్యాక. నాకు బాగా తెలుసు. బ్రష్షు పట్టుకునింది నేనే" అన్నాను.

ఆయనేమీ తొణకలేదు. "నీ చేత పట్టించినాడు సార్, అదీ సామి మహిమ. పుట్టినప్పటినించి కాణిపాకంలో టెంకాయలమ్మినోణ్ణి, సామి ఎవురో బండ ఏదో నాకు తెలవదా?" అని నా చేతిలో ఒక చిప్ప పెట్టాడు. ఆ టెంకాయ బాగుందని ఒప్పుకోవాలి.

పెద్ద సారుకు విన్నవించాను. మొదట మండిపడ్డారు. తర్వాత గేటు దగ్గర జనం ఎంత పెరిగారో చూసి చల్లబడ్డారు. పై కార్యాలయానికి వెళ్లిన నివేదికలో అది "ప్రజల్లో ప్రకృతి పట్ల పెరిగిన అవగాహన" అయి కూర్చుంది. గుర్తు చెరిపేద్దామా అంటే, "సెంటిమెంటయ్యా! చెరపొద్దు. అట్లని ప్రోత్సహించనూ వద్దు" అన్నారు. చెరపకుండా, ప్రోత్సహించకుండా ఏం చేయాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆఫీసుల్లో పని సాఫీగా సాగేది ఇలాగే.

ఇక మా ఆవిడ సంగతి. ఆమెది ఐరాల. పెళ్లయి వచ్చినప్పటినుంచీ నా బదిలీల వెంట క్వార్టర్సు మారుతూనే ఉంది. ఒక్కో క్వార్టర్సులో ఒక్కో రకం చెద. నా పదవీ విరమణ దగ్గరపడే కొద్దీ సొంతిల్లు లేదన్న దిగులు ఆమెకు కంటినిండా నిద్ర లేకుండా చేసింది. మన మెట్ల దారుల్లో రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఇల్లు కోరుకోవడం తెలుసు కదా. అంచు స్వామి దగ్గర కూడా ఆ మొక్కు మొదలైంది. ఎక్కడో కాదు, నిలువురాయి దాటి, సరిగ్గా చూరుబండ మీద. అంచుకు ఎంత దగ్గరగా కడితే అంత తొందరగా కోరిక తీరుతుందని వ్యాపారి చెప్పాడట.

మా ఆవిడ మూడంతస్తులు పేర్చింది. "మనిద్దరికి మూడంతస్తులెందుకే?" అన్నాను.

"కింద మనముంటాము. పైన రెండూ బాడుక్కిస్తే నీ పింఛనుకు తోడవతాది" అంది.

జాతీయ ఉద్యానవనంలో రాయి కదిలిస్తే జరిమానా వేయాల్సినవాణ్ని. ఆమెకు జరిమానా వేసి సాయంత్రం ఏ ఇంటికి పోను?

నా అసలు భయం జరిమానా గురించి కాదు. నిలువురాయికి ఇవతల, బండ పొడుగునా ఒక చీలిక ఉంది. రంగు వేసేనాటికి అది గీతలా ఉండేది. వానలు మొదలయ్యాక వేలు దూరింది. ఆ తర్వాత అరచెయ్యి నిలువుగా దూరింది. జనం దానికీ ఒక ఉపయోగం కనిపెట్టారు. చిల్లర వేసే హుండీ. నాణెం వేసి, చెవి ఆనించి, ఠంగుమంటే స్వామి విన్నాడని సంబరపడేవారు. చీలిక పెరుగుతోందని రాసి పంపాను. నిపుణుల బృందాన్ని రప్పిస్తామని జవాబు వచ్చింది. బృందం వచ్చేదాకా చీలిక ఆగుతుందా అన్నది మాత్రం ఎవరి పరిధిలోకీ రాలేదు.

కార్తీకమాసం వచ్చింది. మన వైపు పెద్ద వానలు అప్పుడే కదా. వారమంతా దంచికొట్టి ఆదివారం తెరిపిచ్చింది. వనభోజనాలకు జనం విరగబడ్డారు. పులిహోర గిన్నెలు, దద్దోజనం గిన్నెలు, చాపలు. కాలనీ ఆడవాళ్లతో మా ఆవిడ కూడా వచ్చింది. వానకు ఇంటి పైఅంతస్తు జరిగిందేమో సరిచేసుకోవాలట. నేను పైన నిలబడి, బండమీదికి పోవద్దని అరుస్తూనే ఉన్నాను. వాళ్లు నాకు కూడా ప్రసాదం పెడుతూనే ఉన్నారు.

చూరు కిందుగా పోయే మలుపులో కాపలా ఉంచిన వాచర్ రొప్పుకుంటూ పైకొచ్చాడు. గుప్పిట విప్పి చూపించాడు. తడి నాణెం, దానికంటిన కుంకుమ.

"సార్, సామి నా నెత్తిన రూపాయేసినాడు. మాది చర్చి కదా, నాకెందుకిచ్చినాడో?"

ఇన్నాళ్లూ చీలికలో వేసిన నాణేలు లోపలే ఎక్కడో ఇరుక్కుని ఆగిపోయేవి. ఇప్పుడు పైన వేసింది కింద ఊడిపడిందంటే, బండ ఆ కొస నుంచి ఈ కొసదాకా తెగిపోయింది. జనం నిలబడి ఉన్నది కొండమీద కాదు, కొండనుంచి విడిపోయిన ఒక ముక్కమీద. దానిమీద ఎంతమందో. అందులో అంచుకు దగ్గరగా, గొంతుక్కూర్చుని రాయి సర్దుతున్న మనిషి నా పెళ్లాం.

కిందిదారిలోకి ఎవర్నీ రానివ్వకుండా చెయిను వేసి రమ్మని వాచర్ని పరుగెత్తించి, సారుకు ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నారు. విషయమంతా విని, "ఖాళీ చేయించండి. కానీ ఎవరి మనసూ నొచ్చుకోకూడదు" అని పెట్టేశారు.

"బండ పడిపోతాది, వెనక్కి రాండి!" అని గొంతు చించుకున్నాను.

ఒక పెద్దాయన చల్లగా అన్నాడు. "సామి పట్టుకోనుండాడు కదప్పా, యాట్ల పడతాది? నువ్వు సుమ్మనే గలాటా చెయ్యొద్దు."

విజిల్ ఊదాను. పిల్లలు సంబరపడి ఈలలు వేశారు. మా ఆవిడ దగ్గరికి పోయి నాణెం సంగతి చెప్పాను. ఆమె నా ముఖం చూసింది. అబద్ధమాడితే నా ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, నిజమని వెంటనే గ్రహించింది.

"పడిపోతాదంటే ఎవురూ రారు. సామిని ఇడిసిపెట్టి వస్తారా? బాలాలయం అని చెప్పు" అంది.

ముప్పైఏళ్లు తిరుపతి చుట్టూ తిరిగిన నాకు తట్టనిది ఆమెకు తట్టింది. గర్భగుడికి మరమ్మతులు వస్తే స్వామిని పక్కన చిన్న గుడిలో, బాలాలయంలో ఉంచుతారు. అన్నాళ్లూ దర్శనం అక్కడే. మన జిల్లాలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొండ విరుగుతుందంటే మనవాళ్లు వాదిస్తారు. దర్శనం చోటు మారిందంటే మాత్రం ఎవరూ వాదించరు, వరుసలో ముందు నిలబడేందుకు పరుగెత్తుతారు.

ఆ మాట నేను చెబితే చెల్లదు. వ్యాపారిని చాటుకు పిలిచి, అంచుకు బాగా ఇవతల ఉన్న ఉసిరిచెట్టు చూపించాను. ఆయన అంతా విని ఒకే ఒక్క సందేహం అడిగాడు.

"టెంకాయలు బాలాలయం కాడనే కొడతారు కదా సార్?"

"అక్కడే కొడతారు."

"అయితే సామి మారినట్టే" అని వెనుదిరిగి గొంతెత్తాడు. "అయ్యా, అమ్మా! గర్భగుడికి రిపేరీ. సామి బాలాలయానికి ఎలబారినాడు. దర్శనం ఉసిరిచెట్టు కాడ. బిన్నా రాండి, తొందరగా రాండి!"

బండమీద చెప్పులు వెతుక్కునే హడావిడి. నేను జనానికంటే ముందు ఉసిరిచెట్టు పక్కన ఉన్న మా సామాన్ల షెడ్డులోకి దూరి, రంగు డబ్బా పగలగొట్టి, చెట్టు కిందున్న బండంత రాయిమీద పసుపు పులిమాను. వలయం గుండ్రంగా రాలేదు. చుక్క పక్కకు జారింది. తిరిగి చూస్తే వరుస వచ్చేసింది. ముందున్న ముసలమ్మ తడి రంగును రెండు చేతులా అద్దుకుని, చెంపలకు రాసుకుని కళ్లు మూసుకుంది. ఆమె వెనకాలవాళ్లూ అదే చేశారు. ఆ రాత్రికి తిరుపతిలో కిరసనాయిలుతో ముఖాలు కడుక్కున్న భక్తులందరికీ ఇన్నాళ్లకు నా క్షమాపణలు.

మళ్లీ అంచుకు పరుగెత్తాను. బండ ఖాళీ. ఒక్క మా ఆవిడ తప్ప. ఉపాయం చెప్పిన మనిషే అక్కడ మిగిలింది. కొంగులోకి రాళ్లు ఎత్తుకుంటోంది.

"అవి రాళ్లే! వదిలెయ్యవే!"

"నీకు రాళ్లు. నాకు ఇల్లు."

చీలిక దాటి నేనూ బండమీద అడుగుపెట్టాను. అడుగున ఏదో చిటపటమన్నది. నా చెవికే వినిపించిందో, నిజంగా వినిపించిందో ఇప్పటికీ చెప్పలేను. చాలా భయం వేసింది. కొంగు పట్టుకుని, "ఇల్లు లేకపోతే పీడా పోయె. నువ్వు లేని ఇంట్లో నేనేం చేసుకోవాలే?" అన్నాను. పెళ్లయిననాటినుంచి అలాంటి మాట నా నోట రాలేదు. ఆమె కూడా వినలేదు కాబట్టి కాసేపు నన్ను ఎవరో అన్నట్టు చూసింది. తర్వాత కొంగు వదిలేసింది. రాళ్లు జారిపోయాయి. చెయ్యి పట్టుకుని ఇవతలికి వచ్చేశాం.

బండ వెంటనే పడలేదు. అదొక నరకం. బాలాలయంలో హారతులయ్యాయి, చాపలు పరిచారు, వడ్డనలు మొదలయ్యాయి. సన్నగా చినుకు పడుతోంది. "ఏమి సార్, పడిపోతాదంటివే" అని ఆ పెద్దాయన పులిహోర నములుతూ వెటకారమాడాడు. పడకపోతే నా పరువు పోతుంది. పడితే కొండ అందం పోతుంది. ఏది కోరుకోవాలో తెలియక విస్తరి ముందు అట్లే కూర్చున్నాను.

అప్పుడు వినిపించింది. ముందు కంకర లారీ దించినట్టు గరగర, ఆ వెనకే కింద నేల అదిరిన చప్పుడు. లోయలోంచి ఎర్రటి దుమ్ము ఉసిరిచెట్టు దాకా లేచింది. చినుకు దాన్ని అణిచేసరికి నిలువురాయీ లేదు, చూరుబండా లేదు, నా బోర్డూ లేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది అందరికీ. ఎవరో "గోవిందా!" అన్నారు. కొండంతా ఆ మాటే అయింది. మా ఆవిడ ఏడుస్తోంది. వాచర్ ఆ రూపాయిని కళ్లకద్దుకుని, వెంటనే సిలువ గుర్తు కూడా వేసుకున్నాడు.

పెద్దాయన నా వైపు చూడను కూడా లేదు. "సూసినారా! బండ పడతాదని సామికి ముందే తెలుసు. అందుకే మారినాడు" అన్నాడు. నేను అరిచిన అరుపులు, ఊదిన విజిల్, అన్నీ స్వామి ఖాతాలో జమ అయిపోయాయి. సాయంత్రానికి సారు ఫోటోలవాళ్లతో దిగారు. విరిగిన అంచు ముందు ఆయన చెయ్యి చాపి నిలబడ్డ ఫోటో చాలాకాలం మా ఆఫీసు గోడమీద ఉండేది. సకాలంలో స్పందించినందుకు ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. నాకు మెమో వచ్చింది. హెచ్చరిక గుర్తును ముందస్తు అనుమతి లేకుండా వేరే చోటికి మార్చినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

చాలా ఆలోచించి జవాబు రాశాను. "సదరు గుర్తు స్వయంభువనీ, తన ఇష్టప్రకారమే స్థలం మార్చుకున్నదనీ అక్కడున్న భక్తులందరూ చెబుతున్నారు. దానిని కాదనడం వారి మనోభావాలను నొప్పించడమవుతుందని మనవి." సెంటిమెంటు అనే ముక్క కనిపించగానే ఫైలు మూసేశారు. ఉద్యోగంలో నేను రాసిన అత్యుత్తమ జవాబు అదే. పిల్లలూ, ఏ దేశంనుంచి ఏ గుర్తు తెచ్చినా తెచ్చుకోండి. రాయిమీద వేసేముందు మాత్రం ఒకసారి మీ ఇంటి గడప చూసుకోండి.

ఇప్పుడు నేను రిటైరయి తిరుపతిలోనే బాడుగింట్లో ఉన్నాను. సొంతిల్లు కుదరలేదు. ఇంటి ఓనరు బాడుగ పెంచిన ప్రతిసారీ మా ఆవిడ నన్నే నిలదీస్తుంది.

"నా ఇంటిని లోయలో పడేస్తివి. సామిని ఇంకో తావుకు మారిస్తివి. మన కోరిక యాడుండాదో ఆయనకు చెప్పినావా? కొత్త తావుకొచ్చిన సామికి పాత అర్జీలు యాట్ల తెలుస్తాయి?"

అందుకే మొన్నొక ఆదివారం ఇద్దరం గేటు దగ్గర టిక్కెట్లు కొనుక్కుని ఎక్కాం. ఉసిరిచెట్టు దగ్గర వంకర వలయం, పక్కకు జారిన చుక్క అలాగే ఉన్నాయి. చుట్టూ ఇనుప కమ్మీలు వేశారు. అంచుకు చాలా ఇవతల, గట్టి నేలమీద చోటు చూసి, మోకాళ్లు పట్టేస్తున్నా వంగి, చదునైన రాళ్లు ఏరి ఆమెకు ఒక్కొక్కటే అందించసాగాను. వెనకనుంచి విజిల్ వినిపించింది. కొత్తగా చేరిన బీట్ ఆఫీసరమ్మ గబగబా వచ్చింది.

"పెద్దాయనా, ఈడ రాళ్లు కదపకూడదు. బోర్డు సూడలేదా?"

"చూశానమ్మా. బండ పడ్డాక ఆ బోర్డులో మాటలు రాసింది నేనే."

"అయితే తెలిసి చేసినట్టు కదా. జరిమానా కట్టాల్సిందే."

నా సర్వీసులో నేను వేయలేకపోయిన జరిమానాను ఆ అమ్మాయి ఒక్క మాటలో వేసేసింది. చాలా సంతోషమేసింది. జేబులోంచి డబ్బు తీసిస్తుంటే మా ఆవిడ తలెత్తకుండానే చెయ్యి చాపింది.

"జరిమానా ఎట్లాగూ కట్టినావు కదా, ఇంకో రాయి అందుకో. ఈసారి రెండంతస్తులు చాల్లే."